తెగకూడని కనెక్షన్, గురి తప్పకూడని సెట్టింగులు

ఉదయం 9.15కు స్టాక్ మార్కెట్ మొదలవగానే ఫోన్లో షేర్ల ధరలు వాటంతటవే మారిపోతుంటాయి. ఎవరూ రిఫ్రెష్ నొక్కరు. వాట్సాప్ వెబ్‌లో సందేశం వచ్చి పడేదీ ఇలాగే. మామూలు వెబ్‌పేజీ అయితే బ్రౌజర్ అడగాలి, సర్వర్ ఇవ్వాలి, కొత్త ధర కావాలంటే మళ్లీ అడగాలి. వెబ్‌సాకెట్ అనే పద్ధతిలో ఒకసారి కుదిరిన కనెక్షన్ తెరిచే ఉంటుంది. ఎవరికి చెప్పాల్సింది ఉంటే వాళ్లు ఎప్పుడైనా పంపుకోవచ్చు.

ఇంటర్నెట్ ప్రమాణాలు తయారుచేసే ఐఈటీఎఫ్ 2011 డిసెంబరులో ఆర్‌ఎఫ్‌సీ 6455 పేరుతో దీనికి నియమావళి ప్రకటించింది. బ్రౌజర్ 16 బైట్ల యాదృచ్ఛిక తాళంచెవిని పంపుతుంది. సర్వర్ దానికి నియమావళిలో ఉన్న ఒక స్థిరమైన అక్షరాల వరుసను జోడించి, షా-1 పద్ధతిలో లెక్కగట్టి తిరిగి పంపుతూ, 101 అనే సంకేతంతో సరేనంటుంది. ఈ ఒప్పందమే హ్యాండ్‌షేక్. ఆ తర్వాత సర్వర్ పంపే చిన్న సందేశానికి అదనపు బరువు 2 బైట్లే.

కుదరడం తేలిక. గంటల తరబడి నిలబడటమే కష్టం. అందుకే ప్రతి కనెక్షన్‌కూ మొదట్లోనే కొన్ని సెట్టింగులు చెప్పాలి: ఎంతసేపటికోసారి పలకరించాలి, జవాబు కోసం ఎంతసేపు చూడాలి, ఎంత పెద్ద సందేశం దాకా ఒప్పుకోవాలి, కుదించి పంపాలా వద్దా, తెగిపోతే ఎంతసేపటికి మళ్లీ ప్రయత్నించాలి. చాలా ప్రాజెక్టుల్లో ఈ నాలుగైదు లైన్లు పాత కోడ్ నుంచి కాపీ అయి వస్తాయి. తర్వాత వాటివైపు ఎవరూ చూడరు.

పలకరింపునే తీసుకుందాం. ఫోన్లో అవతలి మనిషి చాలాసేపు మాట్లాడకపోతే ‘హలో, ఉన్నారా?’ అంటాం కదా, వెబ్‌సాకెట్‌లో పింగ్ అదే. ‘ఉన్నాను’ అనే జవాబు పాంగ్. దీని అవసరం మధ్యలో ఉండే ప్రాక్సీ సర్వర్ల వల్ల మరీ ఎక్కువ. వాటిలో ఒకటైన ఎన్‌జిన్‌ఎక్స్, డిఫాల్ట్‌గా 60 సెకన్లపాటు అసలు సర్వర్ నుంచి ఏ డేటా రాకపోతే కనెక్షన్ మూసేస్తుంది. అందువల్ల పింగ్ అంతకంటే ముందే వెళ్లాలి. పైథాన్‌లో వెబ్‌సాకెట్స్ లైబ్రరీ 20 సెకన్లకోసారి పంపుతుంది. జావాస్క్రిప్ట్‌లో బాగా వాడుకలో ఉన్న సాకెట్.ఐఓ 25 సెకన్లకోసారి పంపుతుంది.

చిక్కు ఇక్కడే ఉంది. పైథాన్ లైబ్రరీలో ఆ విలువ 20 అని ఉంటుంది, సాకెట్.ఐఓలో 25000 అని. మొదటిది సెకన్లు, రెండోది మిల్లీసెకన్లు. పైథాన్‌కు అలవాటుపడిన చేయి సాకెట్.ఐఓలో 20 అని రాస్తే ప్రతి క్లయింటుకూ సెకనుకు 50 పింగుల దాకా వెళ్తాయి. 10,000 మంది ఉంటే సెకనుకు 5 లక్షల దాకా. అటువైపు అలవాటుతో పైథాన్‌లో 25000 రాస్తే మొదటి పింగ్ దాదాపు 7 గంటల తర్వాత బయలుదేరుతుంది. ఈలోగా ప్రాక్సీ ఎప్పుడో లైన్ కత్తిరించి ఉంటుంది. సొంత ల్యాప్‌టాప్‌లో పరీక్షిస్తే ఇది బయటపడదు, ఎందుకంటే అక్కడ మధ్యలో ప్రాక్సీ లేదు. జనం వాడటం మొదలయ్యాక బ్రౌజర్‌లో 1006 అనే కోడ్ కనిపిస్తుంది. దానికి అర్థం కనెక్షన్ సవ్యంగా మూతపడలేదని మాత్రమే. ఎందుకన్నది అందులో ఉండదు. వెబ్‌సాకెట్ సెట్టింగుల్లో తప్పు అంత ప్రమాదకరం కావడానికి కారణం ఇదే. రాసిన చోట ఎర్రర్ రాదు, ఎక్కడో ఎప్పుడో వస్తుంది.

ఇంకో రకం తప్పు జావాస్క్రిప్ట్ స్వభావంలోంచి పుడుతుంది. సర్వర్‌కు బయటి నుంచి ఇచ్చే సెట్టింగులు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ రూపంలో వస్తాయి, అవన్నీ అక్షరాలే. మళ్లీ కనెక్ట్ కావడానికి 5000 మిల్లీసెకన్లు ఆగాలని అక్కడ రాసి ఉందనుకుందాం. అందరూ ఒకేసారి మీద పడకుండా కోడ్‌లో దానికి ఒక యాదృచ్ఛిక సంఖ్య కలిపారు, ఈసారి అది 1000. అక్షరాలకు సంఖ్య కలిపితే కూడిక జరగదు, రెండూ పక్కపక్కన అతుక్కుంటాయి. 6000 రావలసిన చోట 50001000 వస్తుంది. ఆరు సెకన్ల ఎదురుచూపు 13 గంటల 53 నిమిషాలవుతుంది!

అదే 300000కు 30000 అతికితే ఫలితం ఇంకా ఘోరం. జావాస్క్రిప్ట్ టైమర్ 2,14,74,83,647 మిల్లీసెకన్లకు, అంటే సుమారు 24.8 రోజులకు మించి లెక్కపెట్టలేదు. అంతకంటే పెద్ద సంఖ్య ఇస్తే, సర్వర్లో జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్.జేఎస్ లాగ్‌లో ఒక హెచ్చరిక రాసి, వ్యవధిని 1 మిల్లీసెకనుగా తీసుకుంటుంది. ఐదున్నర నిమిషాలు ఓపిక పట్టాల్సిన ప్రోగ్రాం, అసలే పడిపోయిన సర్వర్ తలుపును ఆగకుండా బాదుతుంది.

వీటిలో కొన్నిటిని రాసేటప్పుడే పట్టుకునే మార్గం టైపులు. ఆండర్స్ హెజ్ల్స్‌బర్గ్ నాయకత్వంలో మైక్రోసాఫ్ట్ 2012లో విడుదల చేసిన టైప్‌స్క్రిప్ట్‌లో ప్రతి సెట్టింగుకూ పేరు, దానికి ఎలాంటి విలువ ఉండాలో ముందే ప్రకటిస్తారు. అతుక్కుపోయిన 50001000 అక్షరాల రకం కాబట్టి, సంఖ్య ఉండాల్సిన చోట దాన్ని పెట్టగానే ఎడిటర్లో ఎర్రగీత పడుతుంది. పేరులో ఒక్క అక్షరం తప్పినా అంతే. మామూలు జావాస్క్రిప్ట్ అయితే తెలియని పేరును గుట్టుచప్పుడు కాకుండా వదిలేసి డిఫాల్ట్‌తో నడిచిపోతుంది. సాకెట్.ఐఓ కోడ్ కూడా 2020లో మూడో వెర్షన్‌తో టైప్‌స్క్రిప్ట్‌లోకి మారింది.

టైపు ఎంత బిగువుగా ఉంటే అంత మేలు. షేర్ల ధరల కోసం జెరోధా ఇచ్చే కైట్ కనెక్ట్ సేవలో మూడు మోడ్‌లు ఉన్నాయి: ఎల్‌టీపీ, కోట్, ఫుల్. ఎల్‌టీపీలో చివరి ధర మాత్రమే వస్తుంది, ఒక్కో షేరుకు 8 బైట్లు. కోట్‌లో 44 బైట్లు. కొనుగోలు, అమ్మకం ఆర్డర్ల పట్టికతో సహా వచ్చే ఫుల్‌లో 184. మోడ్ అంటే ‘ఏవైనా అక్షరాలు’ అని ప్రకటిస్తే తప్పు స్పెల్లింగు కూడా చెల్లుతుంది. ‘ఈ మూడింటిలో ఒకటి’ అని ప్రకటిస్తే చెల్లదు. టైపుల వల్ల కలిగే లాభాల్లో అతి చవకైనదీ అతి విలువైనదీ ఇదేనని చెప్పాలి.

అయితే 20కి, 20000కి తేడా టైప్‌స్క్రిప్ట్‌కు తెలియదు. రెండూ సంఖ్యలే. ఈ విషయంలో రస్ట్ భాష నికార్సైనది. దాని వ్యవధి రకం వట్టి సంఖ్యను ఒప్పుకోదు, సెకన్లా మిల్లీసెకన్లా అన్నది రాసి తీరాలి. గో భాషలోనూ వ్యవధికి ప్రత్యేక రకం ఉంది కానీ ఒక సందు మిగిలిపోయింది. గొరిల్లా వెబ్‌సాకెట్ లైబ్రరీలో హ్యాండ్‌షేక్ టైమవుట్‌కు 20 అని రాస్తే కంపైలర్ ఊరుకుంటుంది, దాన్ని 20 నానోసెకన్లుగా తీసుకుంటుంది. అంత వ్యవధిలో ఏ సర్వరూ జవాబివ్వలేదు. టైప్‌స్క్రిప్ట్‌లో పనిచేసేవాళ్లు కనీసం సెట్టింగు పేరు చివర ప్రమాణాన్ని చేర్చడం మంచిది.

రెండో పరిమితి ఇంకా లోతైనది. టైప్‌స్క్రిప్ట్ టైపులు ప్రోగ్రాం నడిచే సమయానికి చెరిగిపోతాయి. ఫైల్లోంచి, నెట్‌వర్క్ మీదుగా వచ్చే విలువలను అవి చూడలేవు. డిస్కార్డ్ చాట్ సేవకు కనెక్ట్ అయిన ప్రతి క్లయింటుకూ సర్వరే మొదటి సందేశంలో, ఎన్ని మిల్లీసెకన్లకోసారి హార్ట్‌బీట్ అనే పలకరింపు పంపాలో చెబుతుంది. ఆ సంఖ్య కోడ్ రాసేటప్పుడు లేనే లేదు. అందుకే జోడ్ వంటి లైబ్రరీలతో, విలువ చేతికొచ్చిన క్షణంలోనే అది సంఖ్యేనా, సున్నాకంటే పెద్దదేనా, టైమర్ పరిమితిలోపే ఉందా అని చూసి, కాకపోతే అక్కడే ఎర్రర్‌తో ఆపేయాలి. సర్వర్ వైపు సెట్టింగులకూ ఇదే పరీక్ష పెట్టి, పింగ్ వ్యవధి ప్రాక్సీ టైమవుట్ కంటే తక్కువుందో లేదో కూడా అందులోనే చూడొచ్చు. లేకుంటే సర్వర్ స్టార్ట్ కాకూడదు, ఏ సెట్టింగు ఎందుకు తప్పో లాగ్‌లో రాసి ఆగిపోవాలి.