ఓటొకరిది, చెక్కొకరిది: మండల మీటింగులో ఏం జరుగుతుంది?

జిల్లా ఎడిషన్ పేపర్లు తిరగేసే అలవాటున్నవాళ్లకు ఈ హెడ్డింగులు కొత్త కావు. 'మొక్కుబడిగా మండల సర్వసభ్య సమావేశం', 'అధికారుల గైర్హాజరుపై సభ్యుల ఆగ్రహం', 'తూతూమంత్రంగా ముగిసిన జనరల్ బాడీ'. పక్కనే ఖాళీ కుర్చీల ఫొటో. మండలం పేరొక్కటే మారుతుంది, మిగతాదంతా మూడు నెలల కిందటి వార్తే. చదివినవాళ్లు పేజీ తిప్పేస్తారు. తమ ఊరి నల్లా నీళ్లు, బడి పైకప్పు, అంగన్‌వాడీ గుడ్లు, పశువుల టీకాల సంగతి ఆ గదిలోనే రాతలోకి ఎక్కుతుందన్నది చాలామందికి తట్టదు.

నల్లగొండ జిల్లాకు పడమటి వైపున, మునుగోడు నియోజకవర్గంలో ఉన్న మర్రిగూడ మండలాన్నే తీసుకుందాం. శివన్నగూడెం, లెంకలపల్లి, సరంపేట, వట్టిపల్లి, దామెర భీమనపల్లి వంటి ఊళ్లు దీని కిందికి వస్తాయి. ఇక్కడ మీటింగు ఎజెండాలో అన్ని మండలాల్లోలాగే 'తాగునీటి సరఫరా' అనే అంశం ఉంటుంది. వేరేచోట అది నీళ్లు వస్తున్నాయా లేదా అన్న ప్రశ్న. మర్రిగూడలో అంతకంటే పెద్దది. ఎందుకో తెలియాలంటే ముందు ఆ మీటింగు ఎక్కణ్నుంచి వచ్చిందో చూడాలి.

బల్వంతరాయ్ మెహతా కమిటీ 1957లో ఊరు, మధ్య స్థాయి, జిల్లా అనే మూడంచెల పంచాయతీ పాలన సిఫారసు చేసింది. రెండేళ్లకే, 1959 అక్టోబరులో, రాజస్థాన్ తర్వాత ఆంధ్రప్రదేశ్ దాన్ని అందుకుంది. ఇక్కడ ఆ ప్రారంభోత్సవానికి నెహ్రూ వచ్చింది అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని షాద్‌నగర్‌కే. అప్పటి మధ్య అంచె పేరు పంచాయతీ సమితి. ఊళ్లలో పెద్ద వయసువాళ్లు ఇప్పటికీ 'సమితి ప్రెసిడెంటు' అనే అంటారు. ఆ రోజుల్లో ఆయనకున్న దర్జా వేరు. 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం పెద్ద పెద్ద తాలూకాలను, సమితులను చీల్చి వెయ్యికి పైగా మండలాలు చేసింది. ఆఫీసు జనానికి దగ్గరైంది, అధ్యక్షుడి దర్జా కొంత తగ్గింది. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చాక 1994 చట్టం, తెలంగాణ వచ్చాక 2018 చట్టం ఇప్పటి రూపం ఇచ్చాయి.

ఇక మీటింగులోకి వద్దాం. మూడు నెలలకోసారి జరగాల్సిన ఈ సమావేశానికి మండల పరిషత్ అభివృద్ధి అధికారి (ఎంపీడీవో) కార్యాలయం నుంచి నోటీసు, ఎజెండా వెళ్తాయి. వేదిక మీద ఎంపీపీ (మండల పరిషత్ అధ్యక్షుడు), వైస్ ఎంపీపీ, జడ్పీటీసీ (జిల్లా పరిషత్ సభ్యుడు), ఎంపీడీవో. వీలైతే, ముఖ్యంగా ఎన్నికల వేడి ఉంటే, ఎమ్మెల్యే. ఎదురుగా ఎంపీటీసీలు (మండల పరిషత్ సభ్యులు), సర్పంచులు, కోఆప్షన్ సభ్యుడు. ఒక పక్క వరుసలో శాఖల వాళ్లు: వ్యవసాయాధికారి, ఎంఈవో, మిషన్ భగీరథ ఇంజినీరు (ఏఈ), పంచాయతీరాజ్ ఏఈ, కరెంటు ఏఈ, ఆస్పత్రి డాక్టరు, పశువైద్యుడు, ఐసీడీఎస్ సూపర్‌వైజర్, ఉపాధి హామీ ఏపీవో. వచ్చినవాళ్లు వచ్చినట్టు హాజరు పుస్తకంలో సంతకం పెడతారు. కోరం నిండకపోతే వాయిదా.

మొదట గత సమావేశం తీర్మానాలు, వాటి మీద ఏం చేశారో చదవాలి. తర్వాత జమాఖర్చుల ఆమోదం. ఆపైన ఒక్కో శాఖ నివేదిక. జిల్లా పరిషత్‌కైతే వ్యవసాయానికి, విద్యకు, పనులకు విడివిడిగా ఏడు స్థాయీ సంఘాలున్నాయి. అసలు చర్చ అక్కడ జరుగుతుంది. మండలానికి అవేం లేవు. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీల కోసం రాసిన 29 అంశాల్లో సగానికి సగం ఒక్క పూటలో, టీ బిస్కట్ల మధ్య గడిచిపోవాలి. అందుకే ఎక్కువమంది అధికారులు నివేదికను గడగడా చదివేస్తారు. లక్ష్యం ఇంత, సాధించింది ఇంత, మిగిలింది ఇంత. అంకెలు వినేవాళ్ల చెవిని తాకకుండానే పోతాయి.

నీళ్ల దగ్గరికి వచ్చేసరికి గది లేచి కూర్చుంటుంది. ఏ మండలంలోనైనా సంభాషణ దాదాపు ఇలాగే నడుస్తుంది:

"సారూ, మా ఎస్సీ కాలనీకి వారం సంది నీళ్లు వస్తలేవు. ఫోన్ జేస్తే ఎత్తరు."

"మెయిన్ పైపు లీకేజీ ఉందండి, పని నడుస్తోంది. రెండు రోజుల్లో ఇస్తాం."

"పోయిన మీటింగుల గూడ రెండు రోజులే అన్నరు. మినిట్స్ తీసి చూడుండ్రి."

ఆ చివరి మాటే ఈ సమావేశానికి ప్రాణం. మినిట్స్ పుస్తకం తెరిచాక అధికారి గొంతు మారుతుంది. నోటిమాటగా ఇచ్చిన హామీకి తేదీ, తీర్మానం నంబరు, కింద సంతకాలు ఉంటే అది ఫైలవుతుంది. ఫైలైన దాన్ని పైఅధికారి అడుగుతాడు. కాబట్టే అనుభవమున్న ఎంపీటీసీ గట్టిగా అరవడు. "దీన్ని రాయించుండ్రి" అంటాడు. పోడియం ముందు బైఠాయించినవాడి ఫొటో పేపర్లో పడుతుంది కానీ, పని అయ్యేది ఎక్కువగా రాయించుకున్నవాడిదే.

మర్రిగూడలో ఈ నీళ్ల అంశానికి చరిత్ర బరువుంది. ఇక్కడి గ్రానైట్ రాళ్లలోని ఫ్లోరైడ్ భూగర్భ జలాల్లో కలుస్తుంది. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి. ఈ ప్రాంతంలో చాలా బోర్లు దాన్ని ఎన్నో రెట్లు దాటాయి. పళ్లు గారపట్టడంతో మొదలై కాళ్లు వంకర్లు పోయి, నడుములు ఒంగిపోయి, మనుషులు మంచాలకు అతుక్కుపోయారు. శివన్నగూడేనికి చెందిన అంశాల స్వామి అలాంటి శరీరంతోనే మంచినీళ్ల ఉద్యమంలో నిలబడ్డాడు. వాజ్‌పేయి ప్రధానిగా ఉన్నప్పుడు ఆ ఉద్యమం నడిపిన జలసాధన సమితి అతన్ని ఢిల్లీ తీసుకెళ్లి ఆయన ముందు ఉంచి నల్లగొండ గోడు చూపించింది. 2023 జనవరిలో స్వామి కన్నుమూశాడు. ఆ ఢిల్లీ ప్రయాణానికి ముందే, 1996 లోక్‌సభ ఎన్నికల్లో, నీళ్ల కోసం నల్లగొండ స్థానానికి పోటెత్తిన నామినేషన్లతో అభ్యర్థుల సంఖ్య 480కి చేరింది. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా పడింది. మండల మీటింగులో ఏళ్ల తరబడి అడిగినా తెమలని ప్రశ్నను జనం బ్యాలెట్ మీదికి ఎక్కించారన్నమాట.

2015 జూన్‌లో ఇదే నియోజకవర్గంలోని చౌటుప్పల్‌లో ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్ ఆవిష్కరించారు. కృష్ణా నీళ్లు పైపుల్లో ఊళ్లకు చేరాయి. అది నిజంగా పెద్ద మార్పు. కాదనడం అన్యాయం. అయితే పైపు పగిలి నల్లా నాలుగు రోజులు రాకపోతే జనం ఏం తాగుతారు? కొనగలిగినవాళ్లు క్యాన్లు కొంటారు. మిగతావాళ్లు మళ్లీ బోరు దగ్గరికే పోతారు. అందుకే మర్రిగూడలో 'లీకేజీ మరమ్మతు' అనే చిన్న లైను మామూలు లైను కాదు. ఏఈ రాకుండా కింది ఉద్యోగిని పంపితే సభ్యులు భగ్గుమనడంలో అర్థముంది.

కోపం సరే, అధికారం సంగతేంటి? ఇక్కడే ఈ సభ విచిత్రం బయటపడుతుంది. ఎంపీటీసీ పూర్తి సభ్యుడు, ఓటు ఉంది. కానీ తన పరిధిలో ఒక్క వీధిలైటు వేయించడానికి కూడా అతని చేతిలో చెక్కు లేదు. సర్పంచ్ శాశ్వత ఆహ్వానితుడు మాత్రమే. మాట్లాడొచ్చు, ఓటు వేయడానికి లేదు. కానీ ఊళ్లో ఉపసర్పంచ్‌తో కలిసి చెక్కుపై సంతకం చేసేది ఆయనే. ఓటున్నవాళ్లకు చెక్కు లేదు, చెక్కున్నవాళ్లకు ఓటు లేదు. ఇద్దరూ ఒకే ఊరివాళ్లు, చాలాసార్లు వేర్వేరు పార్టీల వాళ్లు. శిలాఫలకం మీద ఎవరి పేరు ముందుండాలన్న గొడవ సగం మీటింగును మింగేస్తుందంటే దానికి మూలం ఇదే.

డబ్బు లెక్క చూస్తే ఇంకా స్పష్టమవుతుంది. 2015 నుంచి 2020 వరకు అమలైన 14వ ఆర్థిక సంఘం గ్రాంట్లు నేరుగా గ్రామ పంచాయతీలకే వెళ్లాయి. మండలానికి, జిల్లా పరిషత్‌కు పైసా రాలేదు. 15వ ఆర్థిక సంఘం మళ్లీ మూడంచెలకూ పంచింది. అందులోనూ 2021-22 నుంచి 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే ఖర్చుపెట్టాలన్న షరతు పెట్టింది. సొంతంగా పన్ను వేసుకునే దారి మండల పరిషత్‌కు దాదాపు లేదు. 2021 పెంపు తర్వాత ఎంపీటీసీ గౌరవ వేతనం నెలకు 6,500 రూపాయలు, ఎంపీపీది 13,000. లక్షలు పోసి గెలిచిన కొందరు మొదటి ఏడాది దాటాక మీటింగుకే రావడం మానేస్తారు. తప్పే, కానీ ఆ నిరాశ ఎక్కణ్నుంచి వచ్చిందో అర్థమవుతూనే ఉంది.

ఇలాంటి సభే వేరేచోట ఎలా నడుస్తుందో చూద్దాం. అమెరికాలో మనవాళ్లు ఎక్కువగా స్థిరపడ్డ కాలిఫోర్నియాలో శాంటాక్లారా, అలమెడా వంటి కౌంటీలకు ఐదుగురేసి సభ్యుల బోర్డులుంటాయి. వాటికి ఆస్తిపన్నులో వాటా ఉంది, సొంత బడ్జెట్ ఉంది. గొడవలేని మామూలు అంశాలన్నీ ఒక మూటగా కట్టి ఒకే ఓటుతో ఆమోదిస్తారు, మిగిలిన సమయం వివాదమున్నవాటికి ఇస్తారు. 1953 నాటి బ్రౌన్ చట్టం ప్రకారం మామూలు సమావేశాల ఎజెండాను 72 గంటల ముందే అందరికీ కనిపించేలా పెట్టాలి. దారినపోయే పౌరుడైనా సరే మైకు ముందుకొచ్చి తన మాట చెప్పొచ్చు. మన మండల మీటింగులో ఊరివాడికి మైకు లేదు. గ్రామసభలోనో, సోమవారం ప్రజావాణిలోనో చెప్పుకోవాలి. లేదంటే తన ఎంపీటీసీ చేత చెప్పించుకోవాలి. డబ్బులో వాళ్లతో పోల్చుకోలేం. కానీ ఎజెండాను ముందుగా పంచాయతీ గోడమీద అంటించడానికి, గ్రామస్తులకు పదిహేను నిమిషాలు ఇవ్వడానికి ఏ ఆర్థిక సంఘమూ గ్రాంటు ఇవ్వక్కర్లేదు.

పెద్ద సమస్యలు వచ్చినప్పుడు ఈ సభ హద్దు తెలిసిపోతుంది. డిండి ఎత్తిపోతల పథకానికి 2015లో శంకుస్థాపన జరిగింది మర్రిగూడ మండలంలోని శివన్నగూడెంలోనే. అక్కడి రిజర్వాయర్ కోసం భూములు పోయినవాళ్లు పరిహారం, పునరావాసం కోసం ఏళ్లపాటు పోరాడారు. మండల సమావేశంలో ఎంత లేవనెత్తినా భూసేకరణ రెవెన్యూ శాఖది, ప్రాజెక్టు నీటిపారుదల శాఖది. మండలం చేయగలిగింది తీర్మానం రాసి పైకి పంపడమే.

ఆ పాటి సభ కూడా కొంతకాలంగా లేకుండా పోయింది. 2019 మేలో ఎన్నికైన ఎంపీటీసీ, జడ్పీటీసీల పదవీకాలం 2024 జూలై మొదట్లో ముగిసింది. గడువు తీరేలోపే కొత్త ఎన్నికలు జరగాలని రాజ్యాంగం 243ఈ అధికరణ చెబుతున్నా, ప్రత్యేకాధికారులు వచ్చి కూర్చున్నారు. 2025 అక్టోబరు 9న ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికలకు నోటిఫికేషన్ వెలువడింది. బీసీలకు 42 శాతం రిజర్వేషన్ల జీవో మీద అదేరోజు హైకోర్టు స్టే ఇవ్వడంతో ఆగింది. సర్పంచ్ ఎన్నికలు మాత్రం డిసెంబరులో మూడు విడతలుగా జరిగాయి. ప్రత్యేకాధికారి నిజాయితీపరుడే కావచ్చు, చురుకైనవాడే కావచ్చు. కానీ ఒక అధికారిని మరో అధికారి సమీక్షించడం వేరు, "పోయిన మీటింగుల ఏమన్నరు?" అని ఓట్లేసి గెలిచినవాడు నలుగురిలో నిలదీయడం వేరు. ఖాళీ కుర్చీల ఫొటోను చూసి నవ్వుకున్నవాళ్లకు ఆ తేడా ఇప్పుడు తెలిసి ఉంటుంది.

చదువరికి పనికొచ్చే మాట ఒకటుంది. మీ మండలం పాత మీటింగుల మినిట్స్ రహస్య పత్రాలు కావు. సమాచార హక్కు చట్టం కింద ఎంపీడీవో కార్యాలయంలో దరఖాస్తు పెడితే 30 రోజుల్లోగా జవాబివ్వాలి. మండల స్థాయిలో దరఖాస్తు ఫీజు 5 రూపాయలు, నకలుకు పేజీకి 2 రూపాయలు. మీ ఊరి పేరు ఎన్నిసార్లు వచ్చిందో, ఏ అధికారి ఏ తేదీన ఏం ఒప్పుకున్నాడో వెతకండి. ఈసారి ఎంపీటీసీ అభ్యర్థి ఓటడగడానికి ఇంటికొచ్చినప్పుడు ఆ కాగితం చేతిలో పెట్టుకుని మాట్లాడండి.