కొత్త ఫ్రేమ్‌వర్క్‌లో పోపుల డబ్బా ఎక్కడ?

“పన్నెండేళ్లు పనిచేశాక మళ్లీ ఫ్రెషర్‌నా రా నేను?”

కాఫీ మెషిన్ దగ్గర అక్క నవ్వుతూనే అంది గానీ, కప్పు చేతిలో పట్టుకుని తాగకుండా అలాగే నిలబడింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నాకు స్ప్రింగ్ బూట్ నేర్పింది తనే. డిపెండెన్సీ ఇంజెక్షన్ అంటే ఏంటో టిష్యూ పేపర్ మీద బొమ్మ గీసి మరీ చెప్పింది. ఇప్పుడేమో మా ప్రాజెక్టులో కొన్ని సర్వీసుల్ని క్వార్కస్‌కి మార్చాలన్నారు. అంతకుముందు దాంతో ఓ చిన్న పని చేసిన పాపానికి, టీమ్‌లో ఐదుగురికి నేర్పే బాధ్యత నా నెత్తిన పడింది. ఆ ఐదుగురిలో అక్క ఒకరు.

రెండూ జావా ఫ్రేమ్‌వర్కులే. స్ప్రింగ్ బూట్ 1.0 వచ్చింది 2014లో. క్వార్కస్‌ని రెడ్ హ్యాట్ 2019లో ప్రకటించింది. అసలు తేడా ఏంటంటే, స్ప్రింగ్ బూట్ యాప్ మామూలుగా స్టార్ట్ అయ్యేటప్పుడు క్లాసులన్నీ వెతికి, ఎవరికి ఏది కావాలో చూసి కలుపుతుంది. క్వార్కస్ ఈ పనిలో చాలా భాగం బిల్డ్ టైమ్‌లోనే ముగించేస్తుంది. అందుకే యాప్ త్వరగా లేస్తుంది, మెమరీ తక్కువ తింటుంది. క్లౌడ్‌లో వాడుకున్న దానికి బిల్లు కట్టేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

మొదటి రోజు అట్టర్ ఫ్లాప్

నలభై స్లైడ్లు చేశాను. ‘క్వార్కస్ అంటే ఏమిటి’ దగ్గర మొదలుపెట్టి ఓనమాలు దిద్దించాను. గంట తర్వాత చూస్తే ఒక్కరూ ప్రశ్న అడగలేదు. పదేళ్లు వంట చేసినవాళ్లని కూర్చోబెట్టి పొయ్యి వెలిగించడం నేర్పుతున్నానని ఆ రాత్రి అర్థమైంది. వాళ్లకి వంట వచ్చు. కొత్త వంటింట్లో పోపుల డబ్బా ఎక్కడుందో తెలియట్లేదు, అంతే.

మర్నాడు స్లైడ్లు పక్కన పడేసి, అక్క రాసిన పాత సర్వీసునే తెరిచాను. ‘@ఆటోవైర్డ్’ ఉన్నచోట ‘@ఇంజెక్ట్’ పెట్టాం. ‘@గెట్‌మ్యాపింగ్’ పోయి ‘@గెట్’, ‘@పాత్’ వచ్చాయి. ‘@వాల్యూ’ బదులు ‘@కాన్ఫిగ్‌ప్రాపర్టీ’. సెట్టింగుల ఫైల్ పేరు రెండింట్లోనూ ‘అప్లికేషన్ డాట్ ప్రాపర్టీస్’. యాప్ డీఫాల్ట్‌గా లేచే పోర్టు కూడా అదే 8080. “ఓస్ ఇంతేనా!” అని వెనక నుంచి ఒకడు అరిచాడు.

అంతే కాదని మధ్యాహ్నం తెలిసింది

ఒక సర్వీసులో ‘@సర్వీస్’ తీసేసి ‘@అప్లికేషన్‌స్కోప్డ్’ పెట్టాం. అందులో ఎన్ని రిక్వెస్టులు వచ్చాయో లెక్కపెట్టే ఫీల్డ్ ఒకటుంది. వేరే క్లాసు దాన్ని నేరుగా చదువుతోంది. పాత కోడ్‌లో బాగానే పనిచేసింది. ఇక్కడ ఎన్నిసార్లు కొట్టినా సున్నా! ఎర్రర్ లేదు, లాగ్‌లో ఏమీ లేదు. నేను డాక్యుమెంటేషన్ తిరగేస్తూ కూర్చున్నా.

అక్క మెల్లగా అంది: “మనకి ఇచ్చింది అసలు ఆబ్జెక్ట్ కాదేమో రా. ప్రాక్సీ అయ్యుంటుంది. స్ప్రింగ్‌లో ‘@ట్రాన్సాక్షనల్’ పెట్టినప్పుడు ఇలాంటిదే ఓసారి నన్ను రెండు రోజులు ఏడిపించింది. గెటర్ పెట్టి చూడు.”

పెట్టాను. లెక్క సరిగ్గా వచ్చింది. మెథడ్‌ని పిలిస్తే ప్రాక్సీ ఆ పిలుపుని అసలు ఆబ్జెక్ట్‌కి చేరవేస్తుంది. ఫీల్డ్‌ని నేరుగా చదివితే ప్రాక్సీలో ఉన్న ఖాళీ కాపీయే కనిపిస్తుంది. క్వార్కస్ నాకు ముందు తెలిసినా, బగ్ పట్టింది మాత్రం ‘ఫ్రెషర్’ అయిపోయానని బాధపడ్డ అక్కే.

మీరూ మారుతుంటే...

ముందు మీ పాత కోడ్‌లోంచే ఒక చిన్న సర్వీసు తీసుకోండి. పక్కపక్కన పెట్టి ‘అక్కడ ఇది, ఇక్కడ అది’ అని మీ చేత్తో ఒక పట్టిక రాసుకోండి.

స్ప్రింగ్ యానొటేషన్లలో కొన్ని అలాగే పనిచేసేలా క్వార్కస్‌లో ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి. మొదట్లో ఊతకర్రలా వాడుకోవచ్చు. కానీ లోపల నడిచేది స్ప్రింగ్ కాదని మర్చిపోవద్దు.

ఇక అన్నిటికన్నా ముఖ్యం, పాత అలవాటు ఎక్కడ మోసం చేస్తుందో రాసి పెట్టుకోవడం. ఉదాహరణకి, ఎవరూ వాడట్లేదనిపించిన బీన్‌ని క్వార్కస్ బిల్డ్‌లోనే తీసేస్తుంది. క్లాసు కళ్లెదురుగా ఉంటుంది, రన్ చేస్తే బీన్ ఉండదు! అది కావాలంటే ‘@అన్‌రిమూవబుల్’ అని చెప్పాలి. ఇలాంటివి మా టీమ్ షీట్‌లో ఇప్పటికి పదకొండు చేరాయి. అందులో ఏడు అక్క రాసినవే.

పోయిన వారం టీమ్‌లోకి ఇద్దరు కొత్త పిల్లలు వచ్చారు. వాళ్లకి క్వార్కస్ ఎవరు నేర్పుతారని మేనేజర్ అడిగేలోపే అక్క లేచింది. వెళ్తూ వెళ్తూ నా డెస్క్ మీదున్న టిష్యూ పేపర్ ఒకటి లాక్కుపోయింది.