రచనపై హక్కు రచయితదే

భారతదేశంలో రచయితకు రక్షణ కల్పిస్తున్నది 1957 నాటి కాపీరైట్ చట్టం. కథ గానీ నవల గానీ కాగితం మీదనో కంప్యూటర్‌లోనో అక్షరరూపం దాల్చగానే దానిపై కాపీరైట్, అంటే ఆ రచనను ముద్రించడానికి, అనువదించడానికి, సినిమాగా తీయడానికి అనుమతినిచ్చే ప్రత్యేక హక్కు, రచయితకు సంక్రమించి, ఆయన జీవితకాలమంతా, మరణానంతరం మరో 60 ఏళ్లు కొనసాగుతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా, వివాదం కోర్టుకెక్కినప్పుడు అది ప్రాథమిక సాక్ష్యంగా చెల్లుతుంది కనుక చేయించుకోవడమే మేలు.

అయితే ఈ చట్టం కాపాడేది రచయిత ఊహను కాదు, దానికి అతడిచ్చిన రూపాన్ని. తన నాటకం ‘హమ్ హిందుస్తానీ’ని ‘న్యూఢిల్లీ’ చిత్రం అనుకరించిందని ఆర్.జి. ఆనంద్ వేసిన దావాలో, ఇతివృత్తం ఒకటైనంత మాత్రాన ఉల్లంఘన కాదని, చిత్రణలో గణనీయమైన అనుకరణ ఉండాలని సుప్రీంకోర్టు 1978లో స్పష్టం చేసింది.

ఇంతకంటే మెలకువ అవసరమైనది ప్రచురణ ఒప్పందం విషయంలో. హక్కుల బదలాయింపు రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. అందులో గడువు పేర్కొనకపోతే 5 ఏళ్లనీ, ప్రాంతం పేర్కొనకపోతే భారతదేశానికే పరిమితమనీ చట్టం భావిస్తుంది. హక్కులు బదలాయించిన తరువాత కూడా, రచన తనదని చెప్పుకొనే హక్కు, తన ప్రతిష్ఠకు భంగం కలిగించే వక్రీకరణను అడ్డుకొనే హక్కు రచయితకే ఉంటాయి. వీటినే నైతిక హక్కులంటారు. కాబట్టి ‘సర్వహక్కులు ప్రచురణకర్తవి’ అన్న వాక్యం కనిపించినప్పుడు, అనువాద, సినిమా, శ్రవణ హక్కులను విడివిడిగా రాయించుకొని, రాయల్టీ శాతాన్ని తేల్చుకున్నాకే సంతకం చేయడం ప్రతి కొత్త రచయితకూ అత్యవసరం.