ఛాయాగ్రాహకుడు నేర్వదగిన వర్ణసంస్కార విద్య



నా మనుమడు జహీరాబాదులో వివాహాది శుభకార్యములకు ఛాయాగ్రాహకుడు. గత వేసవిలో ఒక శిక్షణాలయమువారు మూడు సాఫ్టువేర్లను మూడు నెలలలో నేర్పుదుమని పెద్ద రుసుము కోరగా, చెరకు పైకము నందులకీయుమని నన్నడిగెను. ఈయవలెనా, వలదా యని నేను విచారించి తెలిసికొన్నది మీకు మనవి చేయుచున్నాను. మీ యిండ్లలోను నిట్టి బాలురుందురు గదా.

ఇందు విద్యలు రెండు. మొదటిది వర్ణసంస్కారము. మన యెఱ్ఱనేలపై నుదయమున దీసిన బొమ్మను, మధ్యాహ్నమున దీసిన బొమ్మను ప్రక్క ప్రక్కన జేర్చినచో నేల రెండు రంగులుగా దోచును. ఆ రెంటిని నొక్క పూటవిగా దిద్దుట యీ విద్య. రెండవది కాంపోజిటింగు. 'రాజు', 'భటుడు' అను పదములు సమాసమున గలిసి 'రాజభటుడు' అయినట్లు, వేర్వేరుగ దీసిన బొమ్మలు గలిసి యొక్కటి యగును. పచ్చని తెర ముందు నిలిచిన మనుష్యుని కోటగుమ్మమున నిలుపుట యిదియే.

1957లో వెలువడిన మాయాబజారున మార్కస్ బార్ట్లే దీపములతోను, కెమెరాతోను వెన్నెలను సృష్టించెను. ఆ చిత్రమునకే 2010లో హైదరాబాదున కంప్యూటర్లతో రంగులద్దిరి. సాధనములు మారినను, వెన్నెల యెట్లుండునో యెఱుగవలసిన పని యట్లే యున్నది. వెలుగునీడలు ఛాయాగ్రాహకుని సొత్తు. కావున నతడు వర్ణసంస్కారమునే ముందు నేర్వవలెను.

ఇక సాఫ్టువేర్లు. డావిన్చీ రిజాల్వ్ వర్ణసంస్కారమునకు ప్రసిద్ధము. 2018లో ఫ్యూజన్ అను కాంపోజిటింగు సాధనమును నందే చేర్చిరి. దీని యుచిత ప్రతితో సంపాదనకై పనిచేయవచ్చును; 3840×2160 కొలత వరకు చిత్రమును వెలువరింపవచ్చును. పెండ్లి చిత్రములకిది చాలును. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ కదలెడి యక్షరములకు మేలైనది గాని, దానికి కాలపరిమితిని బట్టి చందా కట్టుచుండవలెను. న్యూక్ పెద్ద స్టూడియోల సాధనము. దాని యుచిత ప్రతి యభ్యాసమునకే గాని సంపాదనకు గాదు. ఫ్యూజన్, న్యూక్ రెండును నోడ్ల పద్ధతివే. కావున నొకదానిలోని యభ్యాసము రెండవదానికి నక్కరకు వచ్చును.

అందుచే నా నిర్ణయమిది: ముందు రిజాల్వ్, పిమ్మట నందలి ఫ్యూజన్. హైదరాబాదున స్టూడియో కొలువు గోరినప్పుడే న్యూక్. అభ్యాసమునకును క్రమము కలదు. మొదట వెలుగు, పిదప తెలుపు, తరువాత ముఖవర్ణము, తుదకు బొమ్మకు బొమ్మకు పొంతన. తెర కన్నును మోసగించును. కావున వెలుగును గొలిచి చూపు స్కోపులను గూడ జూడవలెను.

ఒక్క హెచ్చరిక: ఉచిత ప్రతికైనను బలమైన గ్రాఫిక్సు కార్డు వలయును. కంప్యూటరు కొనకముందే, అట్టిదానిపై సాఫ్టువేరును నడిపించి చూడుడు.

మే మట్లే చేసితిమి. చెరకు పైకము కంప్యూటరునకు, మంచి తెరకు వెచ్చించితిమి. శిక్షణాలయమునకు గాని, సాఫ్టువేరునకు గాని రూపాయియైన నీయలేదు. మొన్న మనుమడు మా యూరి పెండ్లి చిత్రమును జూపెను. వధువు ముఖము ప్రొద్దుటి పందిటిలోను, రాత్రి యూరేగింపులోను నొక్కతీరుగనే యుండెను.