దగ్గు రెండు వారాలు దాటితే...

సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో తెలుగు మాట తరచూ చెవిన పడుతుంది. తెలంగాణ నుంచి ఎన్నో నేత కుటుంబాలు వచ్చి ఈ నగరంలో మరమగ్గాలను నమ్ముకుని స్థిరపడ్డాయి. ఒంటరిగా వచ్చిన కార్మికులు చాలామంది ఒకే గదిలో సర్దుకుంటారు. గాలి, వెలుతురు లేని గదుల్లో క్షయ సులువుగా పాకుతుంది.

క్షయ క్రిమి ఒంట్లో చేరినంత మాత్రాన అందరికీ జబ్బు రాదు. రోగనిరోధక శక్తి బాగుంటే నూటికి తొంభై మందిలో అది అణగి ఉంటుంది. హెచ్‌ఐవీ దెబ్బతీసేది ఆ శక్తినే. అందుకే క్షయ తేలిన వారికి హెచ్‌ఐవీ పరీక్ష చేస్తారు. ఏఆర్‌టీ మందులు వాడేవారిని వచ్చిన ప్రతిసారీ దగ్గు, జ్వరం, బరువు తగ్గడం గురించి అడుగుతారు. క్షయ లేకపోతే, అది రాకుండా మందు ఇస్తారు.

రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష తప్పనిసరి. ప్రభుత్వ కేంద్రాల్లో రెండింటికీ పరీక్షలు, మందులు ఉచితం. మామూలు క్షయ ఆరు నెలల మందులతో నయమవుతుంది. రెండు నెలలకే ఒళ్లు తేలికపడిందని, సొంతూరు వెళ్లామని మధ్యలో ఆపితే మందులకు లొంగని క్షయగా మారవచ్చు. ఊరు మారేవారు ముందే చెబితే చికిత్సను అక్కడికి బదిలీ చేస్తారు.

ఇందులో మన పాత్ర కూడా ఉంది. 2018 ఏప్రిల్‌లో మొదలైన నిక్షయ్ పోషణ్ యోజన కింద క్షయ రోగికి ఆహారం కోసం నెలకు రూ.500 ఇచ్చేవారు. 2024 నవంబరు నుంచి రూ.1,000 ఇస్తున్నారు. ఆ సొమ్ము నేరుగా ఖాతాలో పడుతుంది. ఖాతా నంబరు తప్పినా, బ్యాంకుల విలీనానికి ముందున్న పాత ఐఎఫ్ఎస్ కోడ్ ఇచ్చినా అది చేరకపోవచ్చు. మనకది చిన్న సవరణ. పని మానుకుని మంచాన పడ్డ మనిషికి పాలు, గుడ్లు.

ఒక్క జాగ్రత్త. పాస్‌బుక్‌లో ఆ జమ కనిపిస్తే, “ఇది టీబీ డబ్బా?” అని వరుసలో అందరికీ వినిపించేలా అడగవద్దు. ఆ మాట ఇంటి యజమాని చెవిన పడితే గది పోవచ్చు, సేటు చెవిన పడితే పని పోవచ్చు. 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉన్న చట్టం, హెచ్‌ఐవీ ఉన్నవారి గోప్యతను కాపాడుతోంది. ఉద్యోగంలో వివక్షను నిషేధించింది. ఆ మర్యాద క్షయ రోగికీ దక్కాలి.

సందేహాలకు హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097, క్షయకు 1800-11-6666. ఈ రెండు నంబర్లనూ శాఖ నోటీసు బోర్డు మీద తెలుగులో రాసి పెడదాం.