బాల నటుడు సాలూరి రాజేశ్వరరావు

టెలివిజన్ ధారావాహికలూ పాటల పోటీలూ పసివాళ్లను ఏడాది తిరగకుండానే ఇంటింటికీ పరిచయం చేస్తున్న ఈ కాలంలో, ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఏమవుతారన్న ప్రశ్న తల్లిదండ్రులనూ విమర్శకులనూ సమానంగా వేధిస్తున్నది. ఈ ప్రశ్నకు తెలుగునాట దొరికే మంచి సమాధానాల్లో ఒకటి టెలివిజన్ రావడానికి ఎన్నో ఏళ్ల ముందే ఉత్తరాంధ్రలోని ఒక పల్లెటూరిలో మొదలైంది. సాలూరి రాజేశ్వరరావు పేరు వినగానే ‘మల్లీశ్వరి’, ‘విప్రనారాయణ’, ‘మిస్సమ్మ’ గుర్తుకు వస్తాయి. అయితే ఆయన ప్రజలకు మొదట తెలిసింది సంగీత దర్శకుడిగా కాదు, గ్రామఫోను రికార్డులు పాడిన బాలుడిగా, ఆ వెంటనే వెండితెర మీద చిన్ని కృష్ణుడి వేషం కట్టిన బాల నటుడిగా. ఆ బాల్యకీర్తికీ తరువాతి అర్ధశతాబ్దపు సంగీతానికీ నడుమ ఉన్న నాలుగైదు ఏళ్లను గురించి మనం చాలా తక్కువగా మాట్లాడుకుంటాం. ఆయన జీవితాన్ని నిర్ణయించినవి ఆ ఏళ్లే.

రాజేశ్వరరావు 1922 అక్టోబరు 11న సాలూరు సమీపంలోని శివరామపురంలో పుట్టారు. అప్పటికి ఆ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడినప్పుడు ఆ జిల్లాలోకి, 1979లో విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి, 2022 విభజనతో పార్వతీపురం మన్యం జిల్లాలోకి సాలూరు ప్రాంతం మారుతూ వచ్చింది కనుక, ఆయన మావాడని చెప్పుకొనే హక్కు ఉత్తరాంధ్ర అంతటికీ ఉంది. తండ్రి సన్యాసిరాజు పాటలు రాసేవారు, మృదంగం వాయించేవారు; వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడి కచేరీలలో ఆయన మృదంగ సహకారం అందించారు. అన్న హనుమంతరావు కూడా తరువాతి కాలంలో సినీ సంగీత దర్శకుడయ్యారు. ఆ ఇంట్లో పిల్లలు నడకతోపాటే తాళం నేర్చుకున్నారంటే అతిశయోక్తి కాదు.

ఇంటి వాతావరణానికి ఊరి వాతావరణం తోడైంది. విజయనగరంలో పూసపాటి విజయరామ గజపతిరాజు 1919లో సంగీత కళాశాలను నెలకొల్పి, హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసును తొలి అధ్యక్షుడిగా నియమించగా, ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడే వయొలిన్ ఆచార్యుడిగా పనిచేసి, తరువాత అధ్యక్షపదవిని అధిష్ఠించారు. సాలూరు చిన్న ఊరే అయినా సంగీతానికి చిన్నది కాదు. పట్రాయని నరసింహశాస్త్రి అక్కడ పెదగురువుగా, ఆయన కుమారుడు సీతారామశాస్త్రి చినగురువుగా పేరు పొందారు. ఆ సీతారామశాస్త్రే విజయనగరం కళాశాలలో ఘంటసాల వెంకటేశ్వరరావుకు గురువయ్యారు. బొబ్బిలి వీణలు తయారయ్యే గొల్లపల్లి కూడా సాలూరుకు దూరం కాదు. ఒక పసివాడి గొంతులో శ్రుతి నిలిచిందని గుర్తించే చెవులు చుట్టూ ఉన్నచోట పుట్టడం రాజేశ్వరరావుకు దక్కిన మొదటి అదృష్టం.

ఆ గొంతును బయటి ప్రపంచానికి చేర్చింది గ్రామఫోను. లక్కతో చేసిన నల్లటి రికార్డు నిమిషానికి 78 చుట్లు తిరుగుతూ, ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాల పాటను వినిపించే ఆ యంత్రం 1930ల నాటికి జమీందారీ ఇళ్లను దాటి కాఫీ హోటళ్లకూ మధ్యతరగతి ఇళ్లకూ చేరుతుండగా, రికార్డింగ్ సంస్థలు కొత్త గొంతుల కోసం ఊరూరా వెదికేవి. అలా హచిన్స్ సంస్థ వారి దృష్టిలో పడిన ఈ సాలూరు బాలుణ్ణి బెంగళూరుకు తీసుకువెళ్లి పాడించగా, భగవద్గీత గానంతో మొదలైన ఆ రికార్డులు తెలుగు ప్రాంతమంతటా వినిపించాయి. ముఖం తెలియకుండా గొంతు మాత్రమే తెలిసిన ఆ కీర్తి ఒక విచిత్రమైన కీర్తి. దానికి ముఖాన్ని జోడించే అవకాశం సినిమా రూపంలో త్వరలోనే వచ్చింది.

తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో విడుదలైంది. టాకీ అంటే మాటా పాటా ధ్వనించే చిత్రం. అప్పటివరకు వచ్చిన మూకీల నుంచి వేరు చేయడానికి ఆ పేరు వాడుకలోకి వచ్చింది. మొట్టమొదటి టాకీయే ఒక బాలుడి కథ కావడం, ఆపై కృష్ణుడు, ధ్రువుడు, లవకుశులు వరుసగా తెరకెక్కడం వల్ల తెలుగు సినిమాకు పుట్టుకతోనే బాల నటుల అవసరం ఏర్పడింది. 1936లో సి. పుల్లయ్య ‘సతీ అనసూయ’, ‘ధ్రువ విజయం’ కథలను పిల్లల చేతనే నటింపజేసి తీశారు. తరువాత నటిగా, నిర్మాతగా ప్రసిద్ధి పొందిన కృష్ణవేణి ఆ అనసూయ వేషంతోనే తెరకు పరిచయమయ్యారు. నేపథ్య గానం, అంటే ఒకరు పాడిన పాటను ముందుగా రికార్డు చేసి మరొకరు పెదవులు కదిపే పద్ధతి, అప్పటికి మన చిత్రాల్లో లేదు కనుక, వేషం కట్టిన పిల్లలే కెమెరా ముందు నటిస్తూ, మైకుకు అందేలా పాడవలసి వచ్చేది. అందగాడైన పిల్లవాడు దొరికితే చాలదు, గట్టి గొంతూ శ్రుతిజ్ఞానమూ ఉన్నవాడు కావాలి.

మద్రాసులో వేల్ పిక్చర్స్ సంస్థను నడుపుతున్న పి.వి. దాసు నిర్మించిన ‘శ్రీకృష్ణలీలలు’ (1935) చిత్రంలో రాజేశ్వరరావు కృష్ణుడయ్యారు. కంసుడు వేమూరి గగ్గయ్య. రంగస్థలం మీద సింహగర్జన వంటి గొంతుతో పద్యం అందుకొనే ఆ మహానటుడికి ఎదురుగా పన్నెండు, పదమూడేళ్ల బాలుడు నిలిచి పాడి మెప్పించాడంటే, ఆ శిక్షణ ఎంత బలమైనదో ఊహించుకోవచ్చు. మరుసటి సంవత్సరం ‘శశిరేఖా పరిణయం’ అనే పేరు కూడా ఉన్న ‘మాయాబజార్’లో ఆయన అభిమన్యుడిగా నటించారు. ఆ రెండు చిత్రాలతో బాల నటుడిగా ఆయనకు స్థానం ఏర్పడింది.

అయితే మగపిల్లవాడి గాత్రానికి ప్రకృతి ఒక గడువు విధిస్తుంది. సాధారణంగా పన్నెండు, పద్నాలుగేళ్ల మధ్య స్వరపేటిక పెరిగి, అందులోని స్వరతంత్రులు పొడవై, మందమై, పలికే శ్రుతి సుమారు ఒక స్థాయి కిందికి దిగిపోతుంది. దీనినే వాడుకలో గొంతు మారడం అంటారు. ముఖం కూడా ఆ వయసులోనే బాల్యాన్ని వదులుతుంది కాని యౌవనాన్ని ఇంకా అందుకోదు. బాల నటుడి జీవితంలో అతి ప్రమాదకరమైన కాలం ఇదే. చిన్ని కృష్ణుడికి పెద్దవాడైపోయాడని, పెద్ద కృష్ణుడికి చిన్నవాడని పరిశ్రమ వదిలేసే సమయంలో, అతనికి చప్పట్లు తప్ప వేరే విద్య లేకపోతే ఆ లోటును పూడ్చడం కష్టం.

రాజేశ్వరరావు ఆ వయసులోనే కలకత్తా చేరారు. నటన పనిమీద వెళ్లిన బాలుడు అక్కడే సుమారు ఏడాదిపాటు ఆగిపోవడమే ఈ కథలో కీలకమైన మలుపు. ఉత్తరాంధ్రవాసికి కలకత్తా ఎన్నడూ పరాయి నగరం కాదు. హౌరా వెళ్లే రైలుమార్గం విజయనగరం, ఆముదాలవలసల మీదుగానే పోతుంది. అయితే 1930ల నడుమ కలకత్తాలో ఒక పల్లెటూరి కుర్రవాడికి దొరికిన సంగీత పాఠశాల సామాన్యమైనది కాదు. న్యూ థియేటర్స్ సంస్థలో ఆర్.సి. బోరల్, పంకజ్ మల్లిక్ బాణీలు కడుతున్నారు. 1935 నాటి హిందీ ‘దేవదాస్’తో కె.ఎల్. సైగల్ దేశమంతటా మోగిపోతున్నారు. అదే సంవత్సరం అదే సంస్థ నిర్మించిన ‘ధూప్ ఛావ్’తో హిందీ సినిమాలో నేపథ్య గానం మొదలైంది. వారి సాంగత్యంలో రాజేశ్వరరావు హిందుస్తానీ రాగాల పోకడలను, పాటకు చుట్టూ వాద్యబృందాన్ని అమర్చే విధానాన్ని, మైకు ముందు గొంతు పెంచకుండా మెత్తగా పాడే పద్ధతిని గ్రహించారు. కర్ణాటక సంగీతపు పునాది మీద ఈ మూడూ వచ్చి కూర్చున్నాయి.

రెండు చిత్రాలలో పేరు పొందిన బాలుడు మూడో వేషం కోసం స్టూడియోల చుట్టూ తిరగకుండా మళ్లీ విద్యార్థిగా మారడం చిన్న విషయం కాదు. ఆ వయసులో అది ఆయన వివేకమా, పెద్దల ప్రోత్సాహమా, కేవలం సందర్భమా అని విడదీయడం అనవసరం. ఫలితం మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. మద్రాసు తిరిగివచ్చి, సొంత వాద్యబృందాన్ని కూర్చుకొని, 1939 నాటి ‘జయప్రద’తో సంగీత దర్శకుడయ్యేసరికి ఆయన వయసు పదిహేడు దాటలేదు. గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వంలో 1940లో వచ్చిన ‘ఇల్లాలు’కు సంగీతం సమకూర్చడమే కాక, రావు బాలసరస్వతీదేవితో కలిసి నటించి పాడారు. ఆమె కూడా బాల నటే. పుల్లయ్య ‘సతీ అనసూయ’లో గంగ వేషం వేసిన పిల్ల. ఈ ఇద్దరు పూర్వపు బాల తారలూ కలిసి ఇచ్చిన రికార్డులు తెలుగులో లలిత సంగీతానికి, అంటే శాస్త్రీయ సంగీతపు రాగభావాన్ని నిలుపుకొంటూ సంగతులూ స్వరకల్పనా లేకుండా కవిత్వానికి ప్రాధాన్యమిచ్చి పాడే పద్ధతికి, ఒక రూపం కల్పించాయి. పద్యనాటకపు ఆర్భాటానికి అలవాటుపడిన చెవులకు గుసగుసలాడినట్టుండే ఆ పాట ఎంత కొత్తగా తోచి ఉంటుందో నేటివారు ఆ రికార్డులు విని గ్రహించవచ్చు.

అదే సంవత్సరాలలో అమెరికాలో మరో బాల నటుడి కథ న్యాయస్థానానికి చేరింది. చార్లీ చాప్లిన్‌తో ‘ది కిడ్’ (1921)లో నటించి లక్షల డాలర్లు గడించిన జాకీ కూగన్, పెద్దవాడయ్యాక తన సంపాదనను తల్లీ సవతి తండ్రీ ఖర్చు చేసేశారని తెలిసి 1938లో దావా వేయగా, మిగిలిన కొద్ది మొత్తంలో ఒక భాగమే అతనికి దక్కింది. ఆ కలకలం ఫలితంగా 1939లో కాలిఫోర్నియా రాష్ట్రం బాల నటుల ఆదాయంలో కొంత వారి పేరనే భద్రపరచాలని చట్టం చేసింది. భారతదేశంలో అటువంటి రక్షణ రావడానికి మరో ఎనిమిది దశాబ్దాలు పట్టింది. 1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించి, 2017లో రూపొందించిన నియమాల ప్రకారం, సినిమాలోగాని టెలివిజన్‌లోగాని పిల్లలను నటింపజేసేవారు జిల్లా కలెక్టరు అనుమతి పొందాలి. రోజుకు ఐదు గంటలకు మించి, విరామం లేకుండా మూడు గంటలకు మించి పని చేయించరాదు. వరుసగా 27 రోజులకు మించి చిత్రీకరణ ఉండరాదు. ఆదాయంలో కనీసం 20 శాతాన్ని జాతీయీకృత బ్యాంకులో పిల్లల పేరిట స్థిర నిధిగా జమచేయాలి. పిల్లవాడి చదువు ఆగకుండా చూడవలసిన బాధ్యత కూడా నిర్మాతదే. ఈ నియమాలు ఉన్నాయన్న సంగతే మన పట్టణాల్లోని చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. పిల్లలను ఆడిషన్లకు తీసుకువెళ్లే ప్రతి కుటుంబమూ వీటిని ముందుగా చదవాలి.

జెమినీ స్టూడియోలో చేరిన తరువాత రాజేశ్వరరావు ప్రస్థానం తెలుగు సరిహద్దులను దాటింది. ‘బాలనాగమ్మ’ (1942) తరువాత ఎస్.ఎస్. వాసన్ భారీ వ్యయంతో నిర్మించిన ‘చంద్రలేఖ’ (1948)కు, ముఖ్యంగా అందులోని ఢంకాల నృత్యానికి, దక్షిణాది రాగాలనూ పాశ్చాత్య వాద్యాలనూ కలిపి ఆయన చేసిన సంగీతం దేశమంతటా మారుమోగింది. బి.ఎన్. రెడ్డి ‘మల్లీశ్వరి’ (1951)లో దేవులపల్లి కృష్ణశాస్త్రి మాటకు ఆయన కట్టిన బాణీలు లలిత సంగీత రచనలో సాధించిన నేర్పుకు పరాకాష్ఠ. కలకత్తాలో నేర్చినది, సాలూరులో విన్నది అక్కడ అతుకు కనిపించకుండా కలిసిపోయాయి. ‘విప్రనారాయణ’ (1954), ‘మిస్సమ్మ’ (1955) ఆ తరువాతివి. విజయనగరంలో పుట్టి అక్కడి సంగీత కళాశాలలోనే చదివిన పి. సుశీలకు ‘మిస్సమ్మ’ పాటలు పెద్ద పేరు తెచ్చాయి.

1957లో విజయా సంస్థ ‘మాయాబజార్’ తీసినప్పుడు, ఇరవై ఒక్క ఏళ్ల కిందట అదే కథలో అభిమన్యుడైన రాజేశ్వరరావే ముందుగా సంగీతానికి పూనుకొని, కొన్ని పాటలకు బాణీలు కట్టిన తరువాత తప్పుకోగా, మిగిలిన పని ఘంటసాల పూర్తిచేశారు. 1922లోనే పుట్టిన ఈ ఇద్దరూ విజయనగర సంగీత వాతావరణంలో రూపొందినవారే. సొంత గడ్డ చరిత్రకు సంగీతం కూర్చే అవకాశం కూడా రాజేశ్వరరావుకు రెండుసార్లు కలిగింది. 1757 జనవరిలో విజయనగరం రాజూ ఫ్రెంచి సేనాని బుస్సీ కలిసి బొబ్బిలి కోటను ముట్టడించిన యుద్ధం మీద వచ్చిన ‘బొబ్బిలి యుద్ధం’ (1964), ఇరవై రెండేళ్ల తరువాత అదే కథతో దాసరి నారాయణరావు తీసిన ‘తాండ్ర పాపారాయుడు’ (1986) రెండింటికీ ఆయనే సంగీత దర్శకుడు. ఈ రెండింటి నడుమ, 1967లో ఏవీయం వారి ‘భక్త ప్రహ్లాద’కు సంగీతం చేయవలసి వచ్చినప్పుడు, చిన్నారి రోజారమణి ప్రహ్లాదుడిగా నటించగా, బాల నటుడి పాత్రకు పాట కట్టే పని ఒకప్పటి బాల నటుడి చేతికి వచ్చింది.

ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆయనను కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించింది. 1992లో రఘుపతి వెంకయ్య పురస్కారం లభించింది. 1999 అక్టోబరులో ఆయన చెన్నైలో మరణించారు. కుమారులు వాసూరావు, కోటేశ్వరరావు కూడా సంగీత దర్శకులే. రాజ్–కోటి జంటలో కోటి ఈయన కుమారుడు.

సంగీత దర్శకుడిగా ఆయన చేసిన పని నేడు సులభంగానే వినిపిస్తున్నది కాని, బాల నటుడి జాడలు మాత్రం చెదిరిపోయాయి. 1930లలో వచ్చిన తెలుగు టాకీలలో ఎక్కువ వాటి ప్రతులు నేడు లభ్యం కావడం లేదు. నాటి గ్రామఫోను రికార్డులు ఎక్కువగా వ్యక్తుల దగ్గర, పాత ఇళ్ల అటకల మీద ఉండిపోయాయి. లక్క రికార్డు కింద పడితే పగిలిపోతుంది, ప్రతిసారీ సూది గీతతో అరుగుతుంది. సాలూరు బాలుడి గొంతు ఉన్న రికార్డులను సేకరించి, డిజిటల్ రూపంలోకి మార్చి, విజయనగరం సంగీత కళాశాలలో విద్యార్థులకు అందుబాటులో ఉంచే పనిని ఉత్తరాంధ్రలోని సాంస్కృతిక సంస్థలు ఇప్పుడే చేపట్టాలి.