తీగ అవతలి డిస్కు

ఆఫీసులో కంప్యూటరు తెరిస్తే సి డ్రైవ్ పక్కనే జెడ్ డ్రైవ్ కనిపిస్తుంది. సి మన బల్ల దగ్గరి యంత్రంలోనే ఉంటుంది. జెడ్ మాత్రం వేరే గదిలోనో వేరే ఊళ్ళోనో ఉన్న సర్వర్‌లో ఉంటుంది. అయినా లెక్కలు వేసే ఎక్సెల్ రెండింటినీ ఒకేలా వాడుకుంటుంది.

దీనికి మూలం 1983లో ఐబీఎంలో బ్యారీ ఫైగెన్‌బామ్ చేసిన పని. అప్పటి పీసీలను నడిపిన డాస్‌లో పనిచేసే ప్రోగ్రామ్‌కు ఫైలు కావాలంటే డాస్‌నే అడగాలి: తెరువు, ఇన్ని బైట్లు చదువు, మూసెయ్. ఆ అడిగేవన్నీ ఇంటరప్ట్ 21 అనే ఒక్క దారిలోనే పోయేవి. ఫైగెన్‌బామ్ ఆ దారిలోనే కాపు కాశారు. అడిగిన ఫైలు సొంత డిస్కులో ఉంటే డాస్‌కు వదిలేయాలి, వేరే యంత్రంలో ఉంటే ఆ కోరికను సందేశంగా మార్చి తీగ మీద పంపాలి. ఆ సందేశాల పద్ధతే సర్వర్ మెసేజ్ బ్లాక్, పొట్టిగా ఎస్‌ఎంబీ. అప్పటికే రాసి ఉన్న ప్రోగ్రాముల్లో ఒక్క అక్షరం మార్చకుండానే వాటికి దూరపు డిస్కు అందింది. ఇంత తక్కువ కదిలించి ఇంత సాధించిన ఆలోచనలు కంప్యూటర్ల చరిత్రలో అరుదని నా నమ్మకం.

ఒకే ఫైలు ఇద్దరికి కావాల్సి వస్తే? తెరిచేటప్పుడే ప్రోగ్రామ్ తన షరతు చెబుతుంది: నేను తెరిచి ఉండగా ఇతరులు చదవచ్చు, రాయకూడదు. రెండోవారికి ‘ఫైలు వాడకంలో ఉంది’ అని కనిపించేది అందుకే. వాడేది ఒక్కరే అయితే, నకలు నీ దగ్గరే ఉంచుకుని పని చేసుకొమ్మని సర్వర్ అనుమతిస్తుంది. మరొకరు రాగానే నీ మార్పులు ముందు పంపమంటుంది. ప్రతి అక్షరానికీ సర్వర్ దాకా పోయిరావలసిన అవసరం అలా తప్పింది.

మైక్రోసాఫ్ట్ ఈ పద్ధతిని పెంచి విండోస్‌లో కలిపింది. యునిక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ నడిచే యంత్రాలు బయటే మిగిలాయి. 1991 చివర్లో కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థి ఆండ్రూ ట్రిజెల్‌కు తన డాస్ కంప్యూటరును యునిక్స్ సర్వర్‌కు కలపాల్సి వచ్చింది. తీగ మీద పోయే సందేశాలను పట్టి చూపే ప్రోగ్రామ్ రాసుకుని, ఏ ప్రశ్నకు ఏ జవాబు వస్తోందో గమనించి, అవే జవాబులిచ్చే సర్వర్‌ను తయారుచేశారు. ఫ్రెంచి రాని మనిషి కాఫీ హోటల్లో కూర్చుని, ఎవరేం అడిగితే సర్వర్ ఏం తెస్తున్నాడో చూసి భాష నేర్చుకున్నట్టని తర్వాత ఆయనే వివరించారు. ఆ పని రెండేళ్ళు పక్కన పడి ఉంది. ఇంట్లో భార్య కంప్యూటరును, యునిక్స్ తరహా లైనక్స్ నడిచే తన కంప్యూటరుకు కలపబోతే అదే ప్రోగ్రామ్ పనిచేసింది. అదే సాంబా. జెరెమీ అలిసన్ వంటివారు తోడయ్యారు, విండోస్ కంప్యూటర్లకు లైనక్స్ సర్వర్లు ఫైళ్ళు అందించసాగాయి.

కానీ విని నేర్చుకున్న భాష ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటుంది. విండోస్ కొత్త రూపం వచ్చిన ప్రతిసారీ మళ్ళీ వినాలి. సర్వర్లు మాట్లాడే తీరు వివరాలను పోటీదారులకు ఇవ్వాలని 2004లో యూరోపియన్ కమిషన్ మైక్రోసాఫ్ట్‌ను ఆదేశించి, 49.7 కోట్ల యూరోల జరిమానా వేసింది. 2007 సెప్టెంబరులో కోర్టు ఆ తీర్పును నిలబెట్టింది. ఆ డిసెంబరులో 10,000 యూరోల రుసుము మీద సాంబా బృందానికి పత్రాలు అందే ఒప్పందం కుదిరింది. తన ఫైళ్ళను ఏ యంత్రంలో దాచుకోవాలో ఆఫీసే నిర్ణయించుకోవాలి, అమ్మినవాడు కాదు. ఆ హక్కు కోసం పదిహేనేళ్ళకు పైగా పట్టిందంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఎస్‌ఎంబీ పాత రూపాన్ని వదలకపోవడానికీ మూల్యం ఉంది. 2017 మేలో వానాక్రై అనే హానికర ప్రోగ్రామ్ ఎస్‌ఎంబీ మొదటి రూపంలోని లోపం గుండానే యంత్రం నుంచి యంత్రానికి పాకింది. బ్రిటన్ ఆసుపత్రులూ, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్నీ దాని బారిన పడ్డాయి. లోపాన్ని సరిచేసే అప్‌డేట్ మార్చిలోనే వచ్చింది, పెట్టుకోనివారే నష్టపోయారు. ఆ ఏడాది చివరి నుంచి విండోస్ 10 కొత్తగా ఎక్కించినప్పుడు మొదటి రూపం దానంతట అది రావడం ఆగింది. స్కాన్ చేసిన కాగితాన్ని నేరుగా ఫోల్డర్‌లో వేసే పాత యంత్రాలు కొన్నిటికి ఇంకా అదొక్కటే వచ్చు. వాటి కోసం దాన్ని మళ్ళీ తెరిచిపెట్టే ఆఫీసులు ఉన్నాయి.